తీసేసిన వాల్వు



కారు రిపేరు గురించి సావనీరులో వ్యాసమేమిటని మీలో కొందరికి నవ్వు రావచ్చు. కవితలు, కథలు, శాస్త్రజ్ఞుల జీవితాలు వచ్చే పేజీల్లోకి గ్రీజు మరకలు ఎందుకు తెచ్చావని అడగవచ్చు. నా జవాబు ఒక్కటే. మూడేళ్ళుగా మనం క్లాసులో థర్మోడైనమిక్స్ చదువుతున్నాం. సూత్రాలు రాస్తున్నాం, మార్కులు తెచ్చుకుంటున్నాం. కాని ఒక రాత్రి రోడ్డు పక్కన పొగలు కక్కుతున్న కారు ముందు నిలబడి మా నాన్న నన్నొక మాట అడిగాడు: "సైన్సు చదువుతున్నావు గదరా, ఇది ఎందుకు కాగిందో నీకేమన్నా తెలుస్తుందా?" నాకు తెలియలేదు. ఆ సిగ్గులోంచి పుట్టినదే ఈ వ్యాసం.

సంగతి ఎలా మొదలైంది

మాది ప్రకాశం జిల్లాలో మెట్ట ప్రాంతం. మిరప, కంది వేస్తాం. బస్సు రోజుకు రెండుసార్లు వస్తుంది. నాయనమ్మకు తరచూ ఆస్పత్రి పని పడుతుండడంతో నాన్న పాత మారుతి 800 ఒకటి కొన్నాడు. మూడు సిలిండర్ల బండి, 796 సి.సి. ఇంజను. ఈ కారు 1983 డిసెంబరులో మన దేశపు రోడ్ల మీదికి వచ్చింది, 2014 జనవరిలో తయారీ ఆగిపోయింది. అయినా పల్లెల్లో ఇంకా తిరుగుతూనే ఉంది. మాది కార్బురేటరు లేని, ఇంజెక్టర్లతో నడిచే తర్వాతి రకం.

కొన్న ఏడాదికి ఎండాకాలంలో బండి వేడెక్కడం మొదలుపెట్టింది. నాన్న టౌనులో ఒక షెడ్డుకు తీసుకెళ్ళాడు. మెకానిక్కు గంటలో పని ముగించి, "అన్నా, లోపల ఒక వాల్వు ఉంటది. అది చలిదేశాల వాళ్ళకి. మన ఎండలకి దాంతో పన్లేదు, తీసి పారేశా. ఫ్యాను కూడా డైరెక్టు చేశా. ఇంక వేడెక్కే మాటే లేదు" అన్నాడు. 1,200 రూపాయలు తీసుకున్నాడు. నిజంగానే గేజిలో ముల్లు కిందికి దిగిపోయింది. నాన్న సంతోషించాడు.

రెండు నెలల తర్వాత పెట్రోలు ఎక్కువ తాగుతోందని తేలింది. మళ్ళీ షెడ్డు. ప్లగ్గులు మార్చారు, ఫిల్టరు మార్చారు, ఇంజెక్టర్లు కడిగామన్నారు. 2,800 రూపాయలు. మైలేజీ మాత్రం పెరగలేదు. మరుసటి ఎండాకాలం మళ్ళీ నీళ్ళు తరగడం మొదలైంది. ఈసారి వాటర్ పంపు పోయిందన్నారు. 3,400 రూపాయలు. తీసేసిన పాత పంపు మాకు చూపించలేదు, మేమూ అడగలేదు. మొత్తం 7,400 రూపాయలు. మిరప కోతకు కూలీలకు ఇవ్వాలని దాచిన డబ్బులోంచే అదంతా పోయింది.

మే నెలలో ఒక రాత్రి నాయనమ్మకు ఆయాసం వచ్చింది. ఆమెను పడుకోబెట్టుకుని బయలుదేరాం. సగం దారిలో బానెట్టు కిందినుంచి ఆవిరి లేచింది. విచిత్రమేమిటంటే గేజిలో ముల్లు అసలు పైకి లేవలేదు! పాలవ్యాను ఒకటి ఆగి మమ్మల్ని ఎక్కించుకోబట్టి నాయనమ్మ దక్కింది. నాన్న నన్ను ఆ ప్రశ్న అడిగింది ఆ రాత్రే.

ఇంజనులో వేడి లెక్క

తర్వాత నేను చేసిన మొదటి పని స్పానరు పట్టుకోవడం కాదు, కాగితం పట్టుకోవడం.

పెట్రోలు మండితే వచ్చే శక్తిలో చక్రాల దాకా చేరేది సుమారు నాలుగో వంతు మాత్రమే. మిగిలినది వేడిగా పోతుంది. కొంత సైలెన్సరు గొట్టం గుండా, దాదాపు మూడో వంతు ఇంజను చుట్టూ తిరిగే నీటిలోకి. ఉష్ణయంత్రం ఏదైనా సరే, దాని పనికి ఒక హద్దు ఉన్నదని ఫ్రాన్సుకు చెందిన సాది కార్నో 1824లోనే చూపించాడు. జర్మనీలో నికొలాస్ ఆటో నాలుగు స్ట్రోకుల ఇంజను నడిపింది 1876లో. అప్పటినుంచి ఇప్పటివరకు ఇంజనుతో పాటు దాని వేడిని వదిలించుకునే బాధ కూడా మనతోనే ఉంది.

ఒక లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ళ శక్తి ఉంటుంది. మా బండి లీటరుకు 17 కిలోమీటర్లు వెళ్తుందనుకుందాం. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో ఆ దూరానికి 20 నిమిషాలు పడుతుంది. ఆ శక్తిలో మూడో వంతు, అంటే సుమారు 10.7 మెగాజౌళ్ళు 1,200 సెకన్లలో నీటిలోకి చేరాలి. భాగిస్తే దాదాపు 9 కిలోవాట్లు వస్తుంది. మన హాస్టలు గదుల్లో వార్డెనుగారి కంట పడకుండా పెట్టుకునే 1,000 వాట్ల ఇమ్మర్షను రాడ్లు తొమ్మిదింటిని ఒకే బకెట్టులో ముంచినంత వేడి అన్నమాట!

ఇప్పుడు ఇంజనులో 4 లీటర్ల నీళ్ళు ఉన్నాయనుకోండి. 30 డిగ్రీలనుంచి 100 డిగ్రీలకు చేరడానికి 4 ను 4.2 తోను, 70 తోను గుణించాలి. సుమారు 1,176 కిలోజౌళ్ళు. లోహం పీల్చుకునే వేడిని వదిలేస్తే, 9 కిలోవాట్లతో ఆ నీళ్ళు మరగడానికి పట్టే కాలం రెండు నిమిషాల పైచిలుకు. రేడియేటరు అనేది లేకపోతే బండి ఊరి పొలిమేర దాటదని దీన్నిబట్టి తెలుస్తుంది.

వాల్వు ఎందుకు పెట్టారు?

అయితే ఇంజను ఎంత చల్లగా ఉంటే అంత మంచిదా? ఇక్కడే మా మెకానిక్కు, మా నాన్న, నేను ముగ్గురం పొరబడ్డాం. కట్టెలపొయ్యి రాజుకోకముందు పొగ ఎక్కువ, మంట తక్కువ. ఇంజను కూడా అంతే. అది సరిగా పనిచేసేది శీతలజలం 80, 90 డిగ్రీల ప్రాంతంలో ఉన్నప్పుడు. అంతకన్నా చల్లగా ఉంటే పెట్రోలు పూర్తిగా ఆవిరి కాదు. కొంత సిలిండరు గోడల మీద జారి నూనెలో కలుస్తుంది. నూనె చిక్కగానే ఉండిపోయి రాపిడి పెరుగుతుంది.

అందుకని ఇంజనుకు, రేడియేటరుకు మధ్య ఒక ద్వారపాలకుణ్ణి పెట్టారు. దాని పేరే థర్మోస్టాట్ వాల్వు. చిన్న లోహపు గుండీలాంటి డబ్బా, అందులో మైనం. వేడి తగిలితే మైనం కరిగి ఉబ్బుతుంది, కాడను తోస్తుంది, తలుపు తెరుచుకుంటుంది. చల్లబడితే స్ప్రింగు తలుపును మూసేస్తుంది. కరెంటు లేదు, తీగ లేదు. మనం చదివిన వ్యాకోచం, స్థితిమార్పు అనే రెండు పాఠాలు వేలెడంత వస్తువులో ఇమిడి ఉన్నాయి.

దాన్ని తీసేస్తే ఏమవుతుంది? నీళ్ళు ఎప్పుడూ రేడియేటరులోకే పోతుంటాయి. దానికితోడు ఫ్యానును డైరెక్టు చేస్తే అది తాళం తిప్పినప్పటినుంచి తిరుగుతూనే ఉంటుంది. ఇంజను వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, కొన్ని ప్రయాణాల్లో అసలు వేడెక్కదు. ఇంజెక్టర్లున్న బండిలో మరొక చిక్కు ఉంది. నీటి వేడిని కొలిచే సెన్సరు ఒక థర్మిస్టరు. వేడి తగ్గితే దాని నిరోధం పెరుగుతుంది. దాన్ని చూసి కంప్యూటరు పెట్టె "ఇంజను ఇంకా చల్లగా ఉంది" అనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తుంది. పాపం, దాని తప్పేమీ లేదు. మనం అబద్ధం చెప్పించాం, అది నమ్మింది.

అంటే రెండోసారి ప్లగ్గులకు, ఇంజెక్టర్లకు మేము కట్టిన 2,800 రూపాయలు మొదటిసారి చేసిన రిపేరు పుట్టించిన జబ్బుకే. రోగం ఒకటి, మందు ఒకటి.

ముల్లు ఎందుకు లేవలేదన్నది కూడా తర్వాత అర్థమైంది. నీళ్ళు బాగా తరిగిపోయినప్పుడు సెన్సరు నీటిలో మునిగి ఉండదు, గాలిలోనో ఆవిరిలోనో ఉంటుంది. గాలి వేడిని నీరంత బాగా అందించదు. అందుకే లోపల ఇనుము కాలిపోతున్నా ముల్లు చల్లగా కూర్చుంటుంది. గేజిని నమ్మి నీళ్ళు చూడకపోవడం ప్రమాదమని మిత్రులు గుర్తుంచుకోవాలి.

అసలు దొంగ: మూత

మరి మొదట్లో, వాల్వు ఉన్నప్పుడే, బండి ఎందుకు వేడెక్కింది? వెతగ్గా వెతగ్గా దొరికిన దొంగ రేడియేటరు మూత!

ఇది సీసామూతలాంటిది కాదు. ఇందులో ఒక స్ప్రింగు, రబ్బరు వాషరు ఉంటాయి. చాలా కార్లలో లోపలి పీడనం బయటి గాలి కన్నా సుమారు 0.9 బార్లు ఎక్కువయ్యేదాకా ఇది నీటిని బయటికి వదలదు. పీడనం పెరిగితే మరుగు స్థానం పెరుగుతుందని ఇంటర్మీడియట్‌లోనే చదివాం. అమ్మ ప్రెషర్ కుక్కర్లో కందిపప్పు తొందరగా ఉడికేది అందుకే. మొత్తం 1.9 బార్ల దగ్గర నీరు సుమారు 119 డిగ్రీలకు గాని మరగదు. ఈ 19 డిగ్రీలే మన ఎండాకాలంలో ఇంజనుకు ఉన్న పెట్టుబడి.

మా మూత రబ్బరు ఎండి పగుళ్ళిచ్చింది. పీడనం నిలవలేదు. 100 దాటగానే నీళ్ళు మరిగి పక్కడబ్బాలోకి పొంగి, అక్కణ్ణుంచి నేలపాలయ్యేవి. మంచి మూతలో ఇంకొక చిన్న వాల్వు ఉంటుంది. ఇంజను చల్లారినప్పుడు డబ్బాలోని నీటిని అది తిరిగి లోపలికి పీల్చుకుంటుంది. పాడైన మూత ఆ పనీ చేయదు. రోజూ నీళ్ళు తగ్గడం, రోజూ మేము పోయడం. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నాం.

ఇక్కడ ఒక హెచ్చరిక. వేడిగా ఉన్న ఇంజను మూత ఎట్టి పరిస్థితిలోనూ విప్పకండి. ఎందుకో లెక్క చూడండి. 119 డిగ్రీల నీటి మీద పీడనం ఒక్కసారిగా తీసేస్తే అది 100 డిగ్రీలకు దిగాలి. ప్రతి కిలో నీరు 4.2 ను 19 తో గుణించిన వేడిని, అంటే 80 కిలోజౌళ్ళను వదులుకోవాలి. ఆ వేడి కొంత నీటిని ఆవిరి చేస్తుంది. కిలో నీరు ఆవిరి కావడానికి 2,260 కిలోజౌళ్ళు కావాలి గనుక సుమారు 3.5 శాతం నీరు ఆవిరవుతుంది. 5 లీటర్లలో 175 మిల్లీలీటర్లు, ఒక టీగ్లాసుడు. కాని ఆ గ్లాసుడు నీరు ఆవిరిగా మారితే దాదాపు 290 లీటర్లు! అది మిగిలిన మరిగే నీటిని వెంటేసుకుని మన ముఖం మీదికే వస్తుంది. కనీసం అరగంట ఆగి, పై గొట్టం చేత్తో పట్టుకోగలిగినంత చల్లారాక, మందపాటి గుడ్డ వేసి తిప్పాలి.

బోరునీళ్ళ పుణ్యం

మా ప్రాంతపు బోరునీళ్ళు కఠినజలం. నీళ్ళు కాచే గిన్నెకు తెల్లటి గార పడుతుందే, అదే రేడియేటరు గొట్టాల్లోనూ పడుతుంది. కాల్షియం బైకార్బొనేటు వేడికి విడిపోయి కాల్షియం కార్బొనేటుగా గోడలకు అంటుకుంటుంది. నీరు, బొగ్గుపులుసు వాయువు వేరవుతాయి. ఈ గార వేడిని అల్యూమినియంతో పోలిస్తే వందో వంతు కూడా సరిగా ప్రసరింపజేయదు. అంటే రేడియేటరు లోపల దుప్పటి కప్పినట్టే. ఏడాది పొడుగునా రోజుకో చెంబు చొప్పున ఆ దుప్పటి నేసింది మేమే. ఆ పాపం మెకానిక్కుది కాదు.

పోయవలసింది కూలెంటు. ఇథిలీన్ గ్లైకాల్, శుద్ధజలం, తుప్పు పట్టనివ్వని మందులు కలిసిన ద్రవం. సగం సగం పాళ్ళలో ఇది మామూలు పీడనం దగ్గరే 107 డిగ్రీల ప్రాంతంలో మరుగుతుంది. చలిదేశాలకే గాని మనకెందుకు అనే మాట అందుకే తప్పు. కాకపోతే ఇది విషం, పైగా తియ్యగా ఉంటుంది. పిల్లలకు, కుక్కలకు, పశువులకు అందకుండా ఉంచాలి. పాతది కాలవలో పారబోయకూడదు.

నేను చేసిన పని, చేసిన తప్పు

కొత్త వాల్వు, గాస్కెట్టు, మూత, కూలెంటు కొన్నాను. వాల్వు మీద 82 అని అంకె ఉంది. అమర్చేముందు పరీక్ష చేయాలనిపించింది. మా ల్యాబ్ అసిస్టెంటుగారిని బతిమాలి ఒక థర్మామీటరు తీసుకెళ్ళాను. పారేసే పాత సత్తుగిన్నెలో నీళ్ళు పోసి, వాల్వును దారంతో వేలాడగట్టి, పెరట్లో పొయ్యి మీద పెట్టాను. "అన్నం వండమంటే రాదు గాని ఇనుము వండుతున్నాడు" అని అమ్మ నవ్వింది. 82 దాటుతుండగా తలుపు సన్నగా తెరుచుకుంది. 95 దగ్గరికి పూర్తిగా తెరుచుకుంది. దించాక మెల్లగా మూసుకుంది. చూస్తున్న నాన్న, "ఇంత బుద్ధిగా పనిచేసేదాన్ని తీసి పారేశాడంట్రా!" అన్నాడు.

తర్వాత చల్లారిన ఇంజనునుంచి పాతనీళ్ళు తొట్టిలోకి దించాను. ఇటుకపొడి కలిపినట్టు వచ్చాయి. మంచినీళ్ళతో అయిదారుసార్లు, తేటగా వచ్చేదాకా కడిగాను. వాల్వు ఇంటి మూత విప్పి, పాత గాస్కెట్టును గీకి, కొత్త వాల్వు పెట్టాను. ఇంతవరకు అంతా బాగానే ఉంది.

అప్పుడు నా అహంకారం పనిచేసింది. నీరు కారకూడదని బోల్టును ఉన్న బలమంతా పెట్టి బిగించాను. టప్పుమన్నది. తల చేతిలోకి వచ్చింది, కాడ అల్యూమినియంలో ఉండిపోయింది.

టార్కు అంటే బలం, దూరాల లబ్ధమని నేను కనీసం పదిసార్లు పరీక్షల్లో రాసి ఉంటాను. 6 మిల్లీమీటర్ల చిన్న బోల్టుకు 10 న్యూటన్ మీటర్ల ప్రాంతంలో టార్కు చాలు. 20 సెంటీమీటర్ల స్పానరు చివర పట్టుకుంటే 50 న్యూటన్లు, అంటే 5 కిలోల బరువంత లాగుడు సరిపోతుంది. నేను నాగలి మేడి నొక్కినట్టు నొక్కాను. సూత్రం తలలో ఉంది, చేతికి తెలియదు.

పక్కఊళ్ళో ఒక పెద్దాయన ఉన్నారు. ట్రాక్టర్లు బాగుచేస్తారు, బోర్డు కూడా ఉండదు. సిగ్గుపడుతూ వెళ్ళి చెప్పాను. ఆయన తిట్టలేదు. వచ్చి, చుట్టూ నూనె వదిలి, కాసేపు ఆగి, విరిగిన కాడకు సన్నటి బెజ్జం వేసి, ఎదురుమరలున్న పనిముట్టుతో తిప్పి బయటికి తీశారు. "అబ్బాయ్, బోల్టు చెప్తది ఎక్కడ ఆగాలో. చేత్తో వినాలి" అన్నారు. ఫ్యాను తీగలు రిలేకు తిరిగి కలిపిందీ ఆయనే. కరెంటు పని నాకు చేతకాదని అప్పటికే అర్థమైంది. ఆయిలు మూత తీసి లోపల మజ్జిగలాంటి తెల్లటి నురగ ఉందేమో చూశారు. అది ఉంటే హెడ్ గాస్కెట్టు పోయి నీళ్ళు నూనెలో కలిసినట్టట. మా అదృష్టం, లేదు. ఇంత పనికీ ఆయన అడిగింది 300 రూపాయలు. సామాన్లతో కలిపి మొత్తం ఖర్చు 2,000 లోపే.

ఫలితాన్ని కొలవకపోతే సైన్సు కాదు గనుక మైలేజీ చూశాను. పద్ధతి తేలిక. ట్యాంకు నిండుగా పోయించి మీటరు రాసుకోవాలి. కొన్నాళ్ళు తిరిగాక మళ్ళీ నిండుగా పోయించి, తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగించాలి. రిపేరుకు ముందు 212 కిలోమీటర్లకు 16.2 లీటర్లు, అంటే 13.1. తర్వాత 236 కిలోమీటర్లకు 13.9 లీటర్లు, అంటే 17. నెలకు 400 కిలోమీటర్లు తిరిగే బండికి ఏడు లీటర్ల తేడా. పెట్రోలు లీటరు 100 రూపాయలు దాటిన ఈ రోజుల్లో అది నెలకు 700 పైచిలుకు. వాల్వు లేకుండా బండి సుమారు ఏడాది నడిచింది. రసీదు లేని ఆ నష్టం మేము మెకానిక్కుకు కట్టిన 7,400 కన్నా ఎక్కువే.

మనం చేసుకోగలిగినవి, చేయరానివి

ఈ అనుభవంతో మిత్రులకు చెప్పదలచినవి ఇవి.

1. వారానికోసారి, ఇంజను చల్లగా ఉన్నప్పుడు, నీళ్ళు, ఇంజనాయిలు, బ్రేకు నూనె మట్టాలు చూడండి. ఒకసారి తగ్గితే పోయండి. పదేపదే తగ్గితే పోయడం ఆపి, ఎక్కడ కారుతోందో వెతకండి.

2. గాలిఫిల్టరు, ప్లగ్గులు, వైపర్లు, బల్బులు, టైర్ల గాలి, ఆయిలు మార్పు ఓపిక ఉన్న ఎవరైనా చేసుకోవచ్చు. బండితో ఇచ్చే పుస్తకం పారేయకండి. ఎంత ఆయిలు, ఏ రకం, ఎప్పుడు మార్చాలో అందులో ఉంటుంది.

3. విప్పేటప్పుడు ప్రతి మెట్టుకూ ఫొటో తీయండి. బోల్టులను వచ్చిన వరుసలోనే అట్టముక్కకు గుచ్చి పెట్టండి. చివర్లో ఒక బోల్టు మిగిలితే అది లాభం కాదు.

4. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి ఎన్నడూ దూరకండి. చక్రాలకు రాళ్ళు, బండికి గట్టి స్టాండ్లు పెట్టాలి. జాకీ జారితే రెండో అవకాశం ఉండదు.

5. బ్రేకులు, స్టీరింగు, ఎయిర్‌బ్యాగులు, గ్యాసు కిట్లు నేర్చుకోనివాళ్ళు ముట్టుకోరాదు. అక్కడ మన తప్పుకు దారినపోయేవాళ్ళు బలవుతారు.

6. షెడ్డుకు వెళ్ళినప్పుడు "బాగు చెయ్యి" అని బండి వదిలేసి రాకండి. ఎప్పుడు, ఎంత దూరం పోయాక, ఏమవుతోందో చెప్పండి. ఏమి మారుస్తారో, ఎందుకో, ఎంతవుతుందో ముందే రాయించుకోండి. మార్చిన పాత సామాను అడిగి తీసుకోండి. బిల్లు తీసుకోండి.

7. "తీసేశా", "డైరెక్టు చేశా" అనే మాట వినపడగానే ఆగండి. తయారుచేసినవాడు ఊరికే పెట్టలేదు గదా, ఎందుకు పెట్టాడని అడగండి. దానికి జవాబు చెప్పలేని మెకానిక్కుకు అది తీసే హక్కు లేదు.

8. డబ్బు తీసుకుని చేసే రిపేరు చట్టం దృష్టిలో ఒక సేవ. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం స్థానంలో 2019 చట్టం 2020 జులై నుంచి అమల్లోకి వచ్చింది. సేవలో లోపం ఉంటే జిల్లా కమిషన్‌కు వెళ్ళవచ్చు, 1915 నంబరుకు ఫోను చేసి సలహా అడగవచ్చు. బిల్లు ఉండాలనేది ఇందుకే. మాకు ఒక్క కాగితం కూడా లేదు.

దోషం ఎవరిది?

ఇదంతా చదివి మెకానిక్కులందరూ మోసగాళ్ళని నేను అంటున్నట్టు అనుకోవద్దు. మా బండిని పాడుచేసినవాడూ మెకానిక్కే, బాగుచేసినాయనా మెకానిక్కే.

వాల్వు తీసినతను మోసం చేయాలని తీశాడని ఇప్పుడు నాకు అనిపించడం లేదు. అతను చిన్నతనంలోనే షెడ్డులో చేరినవాడని నాన్న చెప్పాడు. అతని గురువు వాల్వు తీశాడు, ఇతనూ తీశాడు. ఎందుకు పెట్టారో అతనికి చెప్పినవాళ్ళు లేరు. అతని చేతికి పని తెలుసు, కారణం తెలియదు. నాకు కారణం తెలుసు, చేతికి పని తెలియదు. నేను బోల్టు విరిచాను, అతను వాల్వు తీశాడు. ఇద్దరం ఒకే చదువులో చెరి సగం చదివి ఆగిపోయినవాళ్ళమే.

కాని చూపించని ఆ పాత పంపు సంగతి వేరు. అక్కడ తెలియకపోవడం లేదు. తెలియనిదాన్ని క్షమించవచ్చు, దాచినదాన్ని అడగాలి. ఆ తర్వాత నాన్న ఆ షెడ్డుకు వెళ్ళాడు. గొడవ పడలేదు. మా పాత మూతను బల్ల మీద పెట్టి, "తమ్ముడూ, జబ్బు ఇది. ఇంకొకళ్ళ బండికైనా ముందు ఇది చూడు" అని వచ్చేశాడు. డబ్బు అడగలేదేమని నేను కోప్పడ్డాను. "అడిగితే ఇయ్యడు. చెప్తే ఇంకో నలుగురి బండ్లు బాగుపడ్తాయి" అన్నాడు. నాన్న చెప్పింది ఒప్పో తప్పో నేను ఇంకా తేల్చుకోలేదు. మీరే ఆలోచించండి.

రైతు కూడా ఆలోచించవలసింది ఉంది. ఎద్దు మేత మానేస్తే అరజాము తిరక్కుండానే మా తాతకు తెలిసిపోయేదట. నోరు తెరిచి చూసేవాడు, గిట్టలు చూసేవాడు. బండి కొన్న మేము ఏడాదిపాటు బానెట్టు ఎత్తి మూత చూడలేదు. ఎద్దుకిచ్చిన చూపులో నాలుగో వంతు ఇంజనుకు ఇచ్చినా ఆ రాత్రి నాయనమ్మ రోడ్డు మీద కూర్చుని ఉండేది కాదు.

ముగింపు

చివరగా మన విద్యార్థి సంఘానికి ఒక మనవి. క్రీడలకు, సాంస్కృతిక కార్యక్రమాలకు ఏటా రోజులు కేటాయిస్తున్నాం. వచ్చే సంవత్సరం నెలకొక ఆదివారం "చేతిపని దినం" పెట్టుకుందాం. ఒక పాత ఇంజను, ఒక ఫ్యాను, ఒక సైకిలు, ఒక మోటారు చాలు. ఊళ్ళోని మంచి మెకానిక్కుల్ని పిలిచి, సాటి అధ్యాపకులుగా గౌరవించి కూర్చోబెడదాం. వాళ్ళు మనకు బోల్టు ఎక్కడ ఆగాలో చెబుతారు. మనం వాళ్ళకు మైనం ఎందుకు ఉబ్బుతుందో చెబుదాం. అప్పుడుగాని చెరిసగం చదువు ఒక్కటి కాదు.

నాయనమ్మ ఇప్పుడు బాగానే ఉంది. ఊరికి వెళ్ళినప్పుడల్లా పొద్దున్నే, ఇంజను చల్లగా ఉండగా, మూత విప్పి నీళ్ళు చూస్తాను. నేను లేని రోజుల్లో నాన్న చూస్తాడు. పాత థర్మోస్టాట్ దొరకలేదు గాని, పగిలిన మూత రబ్బరు మాత్రం నా పెన్సిలు డబ్బాలో ఉంది. ఎవరైనా సైన్సు మనకెందుకు పనికొస్తుందని అడిగితే చూపించడానికి దాచుకున్నాను.